అమ్మానాన్నలతో డెత్ వ్యాలీ ప్రయాణం: ఫోన్ పనిచేయని చోట ఆపద వస్తే ఎవరికి, ఎలా తెలియజేయాలి?

మల్లెతీగ (శాన్ హోసే) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. డిసెంబరు నెలాఖరు సెలవుల్లో మూడు రోజుల కోసం కాలిఫోర్నియా ఎడారిలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్కుకు వెళ్లాలని అనుకుంటున్నాము. నేను, మావారు, తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు కలిసి మొత్తం ఆరుగురం. నాన్నకు 71 ఏళ్లు. చక్కెర వ్యాధి ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. అమ్మకు 66 ఏళ్లు. రక్తపోటుకు మాత్రలు వాడుతుంది, మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేదు. మాది ఏడు సీట్ల ఎలక్ట్రిక్ కారు. బస ఫర్నెస్ క్రీక్‌లో తీసుకున్నాము. బ్యాడ్‌వాటర్, జబ్రిస్కీ పాయింట్, డాంటేస్ వ్యూ, ఇసుక తిన్నెలు చూడాలని ఉంది. మావారికి మాత్రం రాళ్లు వాటంతట అవే కదిలిన జాడలు కనిపించే రేస్‌ట్రాక్ కూడా చూడాలని చాలాకాలంగా కోరిక.

పోయినేడు వెళ్లి వచ్చిన మా పక్కింటివారు అక్కడ రోజులో ఎక్కువ భాగం ఫోన్లకు సిగ్నల్ లేదని చెప్పినప్పటి నుంచి నాకు బెంగ పట్టుకుంది. మావారి ఐఫోన్ ఉపగ్రహం ద్వారా సాయం కోరగలదు కాబట్టి ఇంకేమీ అవసరం లేదని ఆయన అంటున్నారు. అమ్మానాన్నల దగ్గర ఉన్నవి ఇండియా సిమ్ వేసిన మామూలు ఫోన్లు. వాళ్లిద్దరూ మాకు కొంచెం దూరంలో ఉన్నప్పుడు ఏమైనా జరిగితే మాకు ఎలా తెలియాలి? మా అందరికీ కలిపి ఏదైనా జరిగితే బయటివారికి ఎలా తెలియాలి? వేరే పరికరం ఏదైనా కొనడం అవసరమా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

కొండదారి (ఫ్రీమాంట్) సమాధానం

మల్లెతీగ గారూ, మీరు అడిగిన మూడు ప్రశ్నల్లో చివరిదాన్ని కాసేపు పక్కన పెట్టమని కోరుతున్నాను. పరికరం కంటే ముందు ఏర్పాటు చేసుకోవలసిన మనిషి ఒకరున్నారు. మీరు ఏ రోజు ఏ దారిలో ఉంటారో, ఎన్ని గంటల లోపు మీ నుంచి కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ముందుగానే కాగితం మీద రాయించుకుని, ఇంట్లో కూర్చుని మీ ఫోన్ కోసం ఎదురుచూసే మనిషి. ఇది నాకు సొంత అనుభవం నేర్పిన విషయం. మీవారు వెళ్లాలనుకుంటున్న దారిలోనే అది జరిగింది కాబట్టి కొంచెం విపులంగా చెబుతాను.

2019 నవంబరులో నేనూ మా బావమరిదీ ఒక అద్దె కారు తీసుకుని రేస్‌ట్రాక్‌కు బయలుదేరాము. ఫర్నెస్ క్రీక్ నుంచి అది 83 మైళ్లు. యూబీహీబీ క్రేటర్ దాకా తారు రోడ్డు ఉంటుంది. అక్కడి నుంచి 27 మైళ్లు పదునైన రాళ్లు తేలిన కంకర దారి, దాని మీద రేకుల కప్పులా వరస గీతలు. మొత్తానికి మూడున్నర గంటలకు తక్కువ పట్టదు. అద్దె ఒప్పందంలో మట్టిదారుల మీద నడపరాదని స్పష్టంగా రాసి ఉంది. దాన్ని లెక్కచేయకపోవడం పూర్తిగా మా తప్పు. పన్నెండు మైళ్ల దగ్గర మొదటి పంక్చర్ అయింది. స్టెప్నీ బిగించి, వెనక్కి తిరగవలసిన చోట ముందుకే వెళ్లాము. వచ్చినవాళ్లు కెటిళ్లు వేలాడదీసి వెళ్లే టీకెటిల్ జంక్షన్ దాటిన కొద్దిసేపటికి రెండో టైరు పక్కగోడ చీలిపోయింది. అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు. ఫోన్లలో ఒక్క గీత సిగ్నల్ లేదు. నాలుగున్నరకు సూర్యుడు కొండల వెనక్కి వెళ్లాడు. ఆ తరువాత వచ్చిన చలి నాకు ఇప్పటికీ గుర్తుంది. కారులో ఉన్న రెండు తువ్వాళ్లూ చెరొకటి కప్పుకుని, మిగిలిన ఒకటిన్నర లీటర్ల నీళ్లను సీసా మూతతో కొలుచుకుంటూ తాగాము.

మేము ఫ్రీమాంట్‌లో ఉన్న నా భార్యకు చెప్పి వెళ్లింది ఒక్కటే మాట: "చీకటి పడేలోగా వచ్చి ఫోన్ చేస్తాం." ఆవిడ తొమ్మిది దాకా ఎదురుచూసి, ఇక్కడి అత్యవసర సాయం నంబరైన 911 కు ఫోన్ చేసింది. 911 అనేది మనం ఏ ఊళ్లో ఉండి నొక్కితే ఆ ఊరి కేంద్రానికి వెళ్తుందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. నాకూ తెలియదు. ఫ్రీమాంట్ పరిధిలోని కేంద్రంవారు ఎంతో మర్యాదగానే మాట్లాడారు. కానీ డెత్ వ్యాలీ ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) కిందికి వస్తుందో కనుక్కుని, సరైన కార్యాలయానికి కలిపేసరికి చాలా సమయం గడిచింది. అక్కడివారు అడిగిన ప్రశ్నలకు ఆవిడ దగ్గర జవాబులు లేవు. కారు ఏ కంపెనీది? తెల్లది, అద్దెది. నంబరు? తెలియదు. ఏ దారిలో వెళ్లారు? ఉదయం రెండు మూడు చోట్ల పేర్లు చెప్పారు. నీళ్లు ఎన్ని ఉన్నాయి? తెలియదు. ఆ పార్కు 34 లక్షల ఎకరాలు. ఉమ్మడి గుంటూరు జిల్లా కంటే పెద్దది. అందులో తెల్ల కారును వెతకమని చెప్పి ఆవిడ రాత్రంతా మెలకువగా కూర్చుంది. చివరకు ఉదయం ఎనిమిదిన్నరకు ఎత్తయిన జీపులో వచ్చిన ఒక వృద్ధ దంపతులు మమ్మల్ని చూసి, నీళ్లిచ్చి, తిరిగి వెళ్లి పార్కు సిబ్బంది అయిన రేంజర్లకు కబురు అందించారు. కారును బయటికి లాగించడానికి వేయి డాలర్లకు పైనే అయింది.

కాబట్టి మీరు చేయవలసినది ఇది. ఈ దేశంలోనే ఉండి, రాత్రి ఫోన్ ఎత్తే అలవాటున్న ఒకరిని ఎంచుకోండి. తెనాలిలో ఉన్నవారు ఎంత ఆత్మీయులైనా ఈ పనికి వద్దు. ఇండియా నుంచి 911 నొక్కితే ఇక్కడికి రాదు. పైగా చలికాలంలో మనకూ వారికీ మధ్య పదమూడున్నర గంటల తేడా ఉంటుంది. మీరు ఎంచుకున్న మనిషికి ఇన్యో కౌంటీ షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) కార్యాలయం పది అంకెల నంబరును రాసి ఇవ్వండి. మీరు వెళ్లే ప్రాంతాలు దాదాపు అన్నీ కాలిఫోర్నియా వైపు ఆ కౌంటీలోనే ఉన్నాయి. దానితో పాటు ఆరుగురి పేర్లు, వయసులు, జబ్బులు, కారు రంగు, నంబరు ప్లేటు, ఏ రోజు ఏ వరసలో ఏ చోట్లకు వెళ్తారు, ఎంత నీరు ఉంది, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారు, ఎన్ని గంటలు దాటితే వారు షెరీఫ్‌కు ఫోన్ చేయాలి అనే వివరాలన్నీ ఉండాలి. ఈ చివరి గడువును ఆలోచించి పెట్టండి. ఆరింటికి తిరిగి వస్తామనుకుంటే ఎనిమిదిని గడువుగా పెట్టడం సబబు. మరీ దగ్గరగా పెడితే భోజనం దగ్గర ఆలస్యమైనా వెతుకులాట మొదలవుతుంది, మరీ దూరంగా పెడితే చలిలో విలువైన గంటలు పోతాయి. దారి మార్చుకోవాలని అనిపిస్తే, ఆ మార్పును వారికి చెప్పగలిగే చోటికి వచ్చాకే మార్చుకోండి. అక్కడ అనుకోకుండా పక్కదారి పట్టినవాళ్ల కోసం మనుషులు తప్పు చోట్ల వెతుకుతారు.

1996 జూలైలో జర్మనీ నుంచి వచ్చిన నలుగురు, ఇద్దరు పెద్దలూ ఇద్దరు పిల్లలూ, ఈ పార్కులోనే కనబడకుండా పోయారు. వారు ఏ దారిలో వెళ్తున్నారో ఎవరికీ తెలియదు. వారి అద్దె వ్యాను అక్టోబరులో గానీ కంటపడలేదు. టైర్లు దెబ్బతిని ఆన్విల్ క్యానియన్‌లో చిక్కుకుపోయి ఉంది. పెద్దవాళ్లవని భావించే ఎముకలు 2009 నవంబరులో దొరికాయి. ఆ కుటుంబం గురించి చదివిన రోజున నేను నా పాత ప్రయాణం కాగితాలన్నీ తీసి చూసుకున్నాను. వాటిలో ఒక్క దారి పేరు కూడా రాసి లేదు.

ఇసుకతిన్నె (లాస్ వేగాస్) సమాధానం

కొండదారి గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. నేను ఆ పార్కుకు చలికాలంలో ఐదుసార్లు వెళ్లాను. బ్యాడ్‌వాటర్, జబ్రిస్కీ, డాంటేస్ వ్యూ, స్టోవ్‌పైప్ వెల్స్ దగ్గరి తిన్నెలు అన్నీ మంచి తారు రోడ్ల మీదే ఉన్నాయి. డిసెంబరు సెలవుల్లో అక్కడ పగలు ఐదు పది నిమిషాలకు ఒక కారైనా వస్తుంది. పెద్దవాళ్లను తీసుకువెళ్తున్నవారిని మరీ బెదరగొట్టవలసిన అవసరం లేదు. ఫర్నెస్ క్రీక్, స్టోవ్‌పైప్ వెల్స్ దగ్గర కొంత సిగ్నల్ కూడా దొరుకుతుంది.

కొండదారి

ఇసుకతిన్నె గారూ, తారు రోడ్ల విషయంలో మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ నాలుగు చోట్ల కారు ఆగిపోతే బానెట్ ఎత్తి పెట్టి, కారు దగ్గరే ఉంటే పగటి పూట సాయం తప్పక వస్తుంది. కారును వదిలి నడిచి వెళ్లకూడదన్న నియమం ఒక్కటి పాటిస్తే చాలు. ఆకాశం నుంచి వెతికేవారికి మనిషి కంటే కారు తొందరగా కనిపిస్తుంది.

రేస్‌ట్రాక్ సంగతి వేరు. మల్లెతీగ గారు చెప్పిన ఏడు సీట్ల ఎలక్ట్రిక్ కారు ఆ దారికి సరిపోదు. ఇలాంటి కార్లలో చాలావాటికి అసలు స్టెప్నీయే ఇవ్వరు. రంధ్రం పూడ్చే ద్రవం సీసా ఒకటి ఇస్తారు, పక్కగోడ చీలిన టైరుకు అది పనికిరాదు. ఆరుగురితో, ఇన్సులిన్ తీసుకునే పెద్దాయనతో ఆ దారి పట్టవద్దని నా తమ్ముడికి చెప్పినట్టే మీవారికి చెబుతున్నాను. ఆ రాళ్ల రహస్యాన్ని 2014లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. చలి రాత్రుల్లో పలుచటి నీటిపొర మీద మంచు పలకలు ఏర్పడి, ఎండ వచ్చాక పగిలి, తేలిక గాలికే రాళ్లను నెమ్మదిగా తోస్తాయట. దాన్ని పిల్లలకు ఈసారికి కథగా చెప్పండి. చూడడానికి మరో ఏడు సరైన బండితో, మరో బండి తోడుతో వెళ్లవచ్చు.

ఎలక్ట్రిక్ కారు కాబట్టి ఇంకో జాగ్రత్త ఉంది. వేగంగా చార్జి చేసే కేంద్రాలు పార్కు బయట బియాటీ, పారంప్, లోన్‌పైన్ ఊళ్లలో ఉన్నాయి. పార్కులోకి దిగే ముందు వాటిలో ఒకదాని దగ్గర నిండుగా చార్జి చేసుకోండి. ఫోన్‌నే తాళంగా వాడేవారైతే తాళం కార్డును విడిగా జేబులో ఉంచుకోండి. ఫోన్ బ్యాటరీ అయిపోయిన రాత్రి కారు తెరుచుకోకపోతే అది మరో ఆపద అవుతుంది. కారులోని మ్యాపు కూడా సిగ్నల్ మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి బయలుదేరకముందే ఫోన్‌లో ఆ ప్రాంతం మ్యాపును దించి పెట్టుకుని, విజిటర్ సెంటర్లో కాగితం మ్యాపు కూడా తీసుకోండి. మ్యాపు యాప్ చూపించే దారులన్నీ తెరిచి ఉండవు. 2023 ఆగస్టులో హిలరీ తుపాను ఒక్క రోజులో 2.2 అంగుళాల వాన కురిపించినప్పుడు, అంటే ఇంచుమించు అక్కడ ఏడాది మొత్తం పడేంత వాన, పార్కు దాదాపు రెండు నెలలు మూతబడింది. ప్రతి ఉదయం రోడ్ల పరిస్థితిని రేంజర్లను అడిగి తెలుసుకోవడం అలవాటు చేసుకోండి.

తారాపథం (ఆస్టిన్) సమాధానం

పరికరాల గురించి అడిగారు కాబట్టి ఆ ఒక్క విషయానికి పరిమితమవుతాను. నాకు హామ్ రేడియో లైసెన్సు ఉంది, ఈ పరికరాలన్నీ కొండల్లో వాడి చూశాను.

ఐఫోన్ 14 నుంచి వచ్చిన ఫోన్లలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సాయం కోరే సదుపాయం ఉంది. అమెరికా, కెనడాల్లో అది 2022 నవంబరులో మొదలైంది. నిజంగా పనిచేస్తుంది, మీవారి నమ్మకం తప్పు కాదు. కానీ దాని పరిమితి ఏమిటంటే ఫోన్‌కు ఆకాశం బాగా కనబడాలి. తెరిపి మైదానంలో నిలబడి, తెర మీద చూపించే వైపు ఫోన్‌ను తిప్పి పట్టుకుంటే సందేశం పావు నిమిషంలో కూడా వెళ్లవచ్చు. మొజాయిక్ క్యానియన్ లాంటి ఇరుకు లోయలో రెండు వైపులా గోడలు ఆకాశాన్ని కప్పేస్తాయి. అక్కడ ఉపగ్రహం తల మీదికి వచ్చేదాకా వేచి ఉండాలి, లేదా తెరిపి చోటికి రావాలి. జారిపడి కాలు విరిగిన మనిషికి ఆ తెరిపి చోటికి రావడమే సాధ్యం కాకపోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఆ ఫోన్ ఒక్కరి జేబులోనే ఉంది. ఆ ఒక్కరే పడిపోతే మిగిలినవారికి ఎక్కడ నొక్కాలో తెలియాలి. సెట్టింగులలో దీన్ని ఉత్తుత్తిగా చేసి చూసే అభ్యాసం ఉంటుంది. ఇంటి పెరట్లో నిలబడి మీరూ మీ పాపా కూడా ఒకసారి చేసి చూడండి. తొమ్మిదేళ్ల పిల్ల దాన్ని పది నిమిషాల్లో నేర్చుకుంటుంది. ఫోన్‌లోని ఆరోగ్య వివరాల పేజీ నింపి ఉంచితే ఆ వివరాలు కూడా సందేశంతో పాటు వెళ్తాయి.

గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ సందేశ పరికరం ఇరిడియం సంస్థ 66 ఉపగ్రహాల ద్వారా పనిచేస్తుంది. ఆపద లేనప్పుడు కూడా "క్షేమంగా ఉన్నాం, గంట ఆలస్యం అవుతుంది" అని పంపించవచ్చు, జవాబు అందుకోవచ్చు. బ్యాటరీ రోజుల తరబడి ఉంటుంది. అయితే నెలవారీ చందా కట్టాలి. మూడోది 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే వ్యక్తిగత ఆపద బీకన్, అంటే ఆపద సంకేతం పంపే చిన్న పరికరం. దానికి చందా లేదు, బ్యాటరీ ఏళ్ల తరబడి నిలుస్తుంది, కానీ ఒక వైపే పనిచేస్తుంది. నొక్కితే మీరున్న చోటు రక్షకులకు తెలుస్తుంది, ఏం జరిగిందో చెప్పలేరు. కొన్నవెంటనే అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా దగ్గర ఉచితంగా నమోదు చేయించుకోవాలి. మీరు తారు రోడ్ల మీదే ఉండేటట్లయితే కొత్తగా ఏదీ కొననక్కర లేదని నా అభిప్రాయం. ఏడాదికి రెండు మూడుసార్లు ఇలాంటి చోట్లకు వెళ్లే కుటుంబమైతే ఇన్‌రీచ్ కొనమంటాను.

కొంటే మాత్రం ఈ మాట మరచిపోకండి: ఆ పరికరాన్ని ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకోవద్దు. మన దేశంలో శాటిలైట్ ఫోన్లకూ ఇలాంటి సందేశ పరికరాలకూ ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అది లేకుండా తెచ్చిన విదేశీయులను విమానాశ్రయాల్లో పోలీసులు అదుపులోకి తీసుకున్న సందర్భాలున్నాయి. అమ్మానాన్నలను తిరిగి పంపేటప్పుడు వారి సామానులో పొరపాటున చేరకుండా చూసుకోండి.

సిగ్నల్ లేని చోట మామూలు ఫోన్లను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే టవర్ కోసం వెతికి వెతికి మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతుంది. సిగ్నల్ సన్నగా ఉన్న చోట కాల్ కలవకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్లవచ్చు. హోటల్ వైఫై మీద కాల్ చేసేటట్లయితే ఆ సౌకర్యాన్ని ఇంట్లోనే ఆన్ చేసుకోండి. వైఫై మీద 911 కు ఫోన్ చేసినప్పుడు అవతలివారికి మీ శాన్ హోసే ఇంటి చిరునామా కనిపించవచ్చు. అందుకని మొదటి మాటగానే "డెత్ వ్యాలీలో, ఫర్నెస్ క్రీక్ దగ్గర ఉన్నాము" అని చెప్పాలి. గదిలో మామూలు టెలిఫోన్ ఉంటే దాన్నే వాడండి.

వెన్నెలపిట్ట (శాక్రమెంటో) సమాధానం

నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. మల్లెతీగ గారి అమ్మానాన్నల గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

డెత్ వ్యాలీ అనగానే అందరికీ ఎండే గుర్తుకొస్తుంది. 1913 జూలై 10న అక్కడ నమోదైన 134 ఫారెన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్, ఇప్పటికీ ప్రపంచ రికార్డుగానే ఉంది. 2024 జూలైలో బ్యాడ్‌వాటర్ దగ్గర ఒక మోటారుసైకిల్ ప్రయాణికుడు వడదెబ్బకు చనిపోయినప్పుడు ఆ వేడికి గాలి పలుచబడి అంబులెన్స్ హెలికాప్టర్ ఎగరలేకపోయింది. డిసెంబరులో మీకు ఆ ప్రమాదం లేదు. అప్పుడు పగలు 18 సెల్సియస్, రాత్రి 4 దాకా ఉంటుంది. డాంటేస్ వ్యూ 5,475 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి లోయలో స్వెట్టరు విప్పేసిన అమ్మగారికి అక్కడ కారు దిగగానే గాలి కోసేస్తుంది. ప్రతి ఒక్కరికీ ఒక మందపాటి దుప్పటి కారులోనే ఉండనివ్వండి.

నీళ్ల గురించి పార్కువారు చెప్పే లెక్క మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే సుమారు నాలుగు లీటర్లు. మీ ఆరుగురికి రోజుకు 24 లీటర్లు అవుతుంది. ఒక రోజుకు అదనంగా కూడా పెట్టుకోండి. అయితే నీళ్లు కారులో ఉండడం వేరు, పెద్దవాళ్లు తాగడం వేరు. దారిలో బాత్రూమ్ ఎక్కడ దొరుకుతుందోనన్న మొహమాటంతో మన అమ్మలు పొద్దున కాఫీ తరువాత నీళ్ల సీసా ముట్టరు. వయసు పెరిగేకొద్దీ దాహం కూడా తక్కువగా తెలుస్తుంది. అమ్మగారి రక్తపోటు మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే రకం ఉంటే ఒంట్లో నీరు ఇంకా తొందరగా తగ్గి, కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ఎక్కడెక్కడ బాత్రూములు ఉన్నాయో ముందే చూసి "అమ్మా, ఇంకో అరగంటలో ఆగుతాం" అని చెప్పగలిగితే ఆవిడ ధైర్యంగా తాగుతారు. ఎవరూ పైకి చెప్పని ఈ ఇబ్బంది వల్ల వార్డుకు వచ్చిన పెద్దవాళ్లను నేను చాలామందిని చూశాను.

నాన్నగారి ఇన్సులిన్‌ను రాత్రి కారులో వదిలేయవద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనబడినా దాన్ని వాడకూడదు. పగలు కూడా అద్దం దగ్గర ఎండలో పెట్టకుండా చేతిసంచిలో పెట్టుకోండి. భోజనం ముందు వేసుకునే రకమైతే అన్నం ఎదురుగా కనిపించాకే వేసుకోమనండి. "హోటల్ ఇంకో పావుగంటే కదా" అని కారులోనే వేసుకున్న తరువాత టైరు పంక్చరైతే చక్కెర పడిపోతుంది. పండ్లరసం డబ్బాలు, గ్లూకోజు బిళ్లలు ఆయన చేతికి అందే అరలో ఉండాలి, డిక్కీలో సామాను కింద కాదు.

పార్కులో ఆసుపత్రి లేదు. ఫర్నెస్ క్రీక్ నుంచి పారంప్ ఊరికి గంట ప్రయాణం. వారు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సులో పాత జబ్బుల గురించీ హెలికాప్టర్ అంబులెన్స్ గురించీ ఏముందో బయలుదేరకముందే చదివి, పాలసీ నంబరును మీ దగ్గరా, ఇంట్లో ఎదురుచూసేవారి దగ్గరా ఉంచండి.

వాళ్లు మీకు దూరంగా ఉన్నప్పుడు ఏం చేయాలని అడిగారు. ఇద్దరి మెడలోనూ చెరొక ఈల వేయండి. మూడుసార్లు ఊదితే ఆపద అని ఈ దేశంలో అందరికీ అర్థమవుతుంది. మోకాళ్లు నొప్పి పుట్టి ఇసుకతిన్నె వెనక కూర్చుండిపోయిన మనిషి గొంతు యాభై గజాలు కూడా వినబడదు, ఈల వినబడుతుంది. చొక్కా జేబులో ఇంగ్లీషులో రాసిన ఒక కార్డు పెట్టండి. పేరు, వయసు, జబ్బులు, మందులు, పడని మందులు, మీ ఫోన్ నంబరు, బస చేసిన చోటు. ఎవరైనా సాయానికి వస్తే ఆ కార్డు చూపించమని చెప్పండి. 911 వారితో మాట్లాడవలసి వస్తే "తెలుగు" అన్న ఒక్క మాటా, ఉన్న చోటు పేరూ చెప్పమనండి. చాలా కేంద్రాల్లో ఫోన్ ద్వారా దుబాసీని కలిపే ఏర్పాటు ఉంటుంది. మావయ్యగారు ఊరు నుంచి వచ్చినప్పుడు నేను ఈ కార్డు రాసి ఇస్తే మొదట నొచ్చుకున్నారు. తరువాత గుడికి వెళ్లినా అది జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టారు.

మల్లెతీగ

ఇంత ఓపికగా రాసిన అందరికీ మనస్ఫూర్తిగా నమస్కారాలు. మావారూ నేనూ కూర్చుని అన్నీ చదివాము. ఆయన రేస్‌ట్రాక్‌ను ఈసారికి మానుకున్నారు. స్టెప్నీ కోసం డిక్కీ అడుగున వెతికి, అది లేదని చూశాక ఇంక వాదించలేదు. పాప పెరట్లో ఐఫోన్ అభ్యాసం రెండుసార్లు చేసింది. నాన్న ఈలను మనవడికి ఇచ్చేశారు కాబట్టి మరొకటి కొన్నాను. ఫీనిక్స్‌లో ఉన్న మా అన్నయ్య ఎదురుచూసే బాధ్యత తీసుకున్నాడు. రెండో రోజుకు అన్నయ్యకు పంపబోయే కాగితం ఇది. తప్పులుంటే చెప్పండి.

"శనివారం. ఆరుగురం, ముదురు నీలం రంగు ఏడు సీట్ల ఎలక్ట్రిక్ కారు, నంబరు పైన రాశాను. ఉదయం 9 కి ఫర్నెస్ క్రీక్ నుంచి జబ్రిస్కీ పాయింట్, అక్కడి నుంచి డాంటేస్ వ్యూ. ఒంటిగంటకు గదికి వచ్చి భోజనం, నాన్న ఇన్సులిన్. రెండింటికి బ్యాడ్‌వాటర్. వచ్చేటప్పుడు ఆర్టిస్ట్స్ డ్రైవ్. తారు రోడ్డు దిగము. కారులో 40 లీటర్ల నీళ్లు, ఆరు దుప్పట్లు. 6 గంటలకు గదికి వచ్చి ఫోన్ చేస్తాము. ఫోన్ రాకపోతే ముందు మా గదికి ఫోన్ చెయ్యి. 8 గంటలకు కూడా మా మాట వినబడకపోతే కింద రాసిన షెరీఫ్ కార్యాలయం నంబరుకు ఫోన్ చెయ్యి."

కొండదారి

చాలా బాగా రాశారమ్మా. తారు రోడ్డు దిగము అన్న ఒక్క వాక్యం వెతికేవారికి సగం పని తగ్గిస్తుంది. రెండు సవరణలు చెబుతాను. మీ ఇద్దరి ఫోన్లు ఏ కంపెనీ నెట్‌వర్కులో ఉన్నాయో కూడా రాయండి. అవసరమైతే షెరీఫ్ కార్యాలయంవారు ఆ కంపెనీని అడిగి ఫోన్ చివరిసారి ఏ టవర్‌కు తగిలిందో తెలుసుకోగలుగుతారు. రెండోది గంటల సంగతి. అరిజోనా చలికాలంలో కాలిఫోర్నియా కంటే ఒక గంట ముందు ఉంటుంది. మీరు 8 అని మాత్రమే రాస్తే అన్నయ్యగారు తన గోడ గడియారంలో 8 చూసి, మీ దగ్గర ఇంకా 7 అయినప్పుడే షెరీఫ్‌కు ఫోన్ చేస్తారు. "డెత్ వ్యాలీలో 8, ఫీనిక్స్‌లో 9" అని రెండూ రాయండి.

మల్లెతీగ

అన్నయ్య నిజంగానే 8 గంటలకు అలారం పెట్టుకున్నాడట. ఇప్పుడే ఫోన్ చేసి 9 కి మార్పించాను. తన గడియారంలో 7 గంటలకు, అంటే మాకు 6 అయినప్పుడు, మా గదికి ఫోన్ చేయడానికి ఇంకొకటి పెట్టించాను.